పదిహేడో ఎక్కం

గెస్ట్ హౌస్, రెండో అంతస్తు,
మంగళవారం

వదినకి,

వచ్చేశాను. నీకు అరగంట బస్సు దూరంలో ఉన్నాను. ఈ రెండు ముక్కలూ చదివి నువ్వు ఈపాటికి "గది ఊడ్పించండి, మీ చెల్లెలు వస్తోంది" అని అన్నయ్య మీద కేకేసి ఉంటావు. చీపురు కింద పెట్టించు. నేను రాను. రాకూడదు. తిట్టడానికి ముందు మిగతాది చదువు.

ఈ ల్యాబులో పశువుల జబ్బుల మీద పరిశోధన చేస్తారు, ముఖ్యంగా గాలికుంటు మీద. అది మనుషుల్ని ఏమీ చెయ్యదు. ఆవులకో గొర్రెలకో సోకిందంటే మాత్రం ఒక కొట్టంలో మొదలై చుట్టుపక్కల ఊళ్ళన్నీ పాకుతుంది. ఒక్క ఆవుకి వచ్చినా ఆ కొట్టంలో ఒక్కదాన్నీ మిగల్చరు. అందుకని లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళు ఐదు రోజులపాటు చీలిన గిట్టలున్న జంతువు దేని దగ్గరికీ పోకూడదని రూలు. నేను రోజు విడిచి రోజు లోపలికి వెళ్ళాలి. నీ దగ్గర పద్దెనిమిది ఆవులున్నాయి. లెక్క నువ్వే వేసుకో.

నా పని నీకు తెలిసిందే. గ్యాసు కట్టారా లేదా అని చిన్నప్పుడు మూడేసిసార్లు లేచి చూసేదాన్నని అన్నయ్య నాకు "అనుమానం" అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ అనుమానానికే జీతమిస్తున్నారు. ఇక్కడ పెద్ద పశువుల కోసం కొత్త విభాగం కట్టారు. ఎక్కడ ఏ పొరపాటు జరగొచ్చో నేను ముందే ఊహించి, ఏమీ జరగదని సంతకం పెడితే నెలాఖరుకి దాని తాళం తీస్తారు. జబ్బు పశువులు అందులోకి వస్తాయి.

లోపలికి వెళ్ళడం తేలికే, బయటికి రావడమే గగనం. రెండు తలుపుల మధ్య స్నానం. అక్కడ కాపలా ఉండే ఆయన్ని అందరూ స్నానాల మాస్టారంటారు. సన్నటి మనిషి. నీళ్ళలో నానీ నానీ వేళ్ళన్నీ ముడతలు, గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉంటాయి. మూడు నిమిషాలు ఒళ్ళు తోముకోవాలి. గడియారాన్ని ఆయన నమ్మడు. తలుపు అవతల నిలబడి పదిహేడో ఎక్కం రెండుసార్లు పైకి చెప్పిస్తాడు. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటికే. నేను పదిహేడు ఎనిమిదుల దగ్గర ఆగిపోయాను. "మొదటినుంచమ్మా" అన్నాడు శాంతంగా. మూడోసారికి చర్మం ఊడొచ్చేలా ఉంది. డైరెక్టరుగారూ అక్కడే తప్పుతారట, కాస్త ఊరట.

నీ ఫోను నీళ్ళ తొట్టిలో పడిందని అన్నయ్య చెప్పాడు. అన్నయ్యకి చేస్తే "ఊఁ, బాగానే ఉన్నాం" అని పెట్టేస్తాడు. మీ పాల వ్యాను ఈ గెస్ట్ హౌస్ ముందు నుంచే పోతుందిట, డ్రైవరు చేతికి ఇస్తున్నాను. కాగితం లోపలికి వెళ్ళలేదులే, భయపడకు.

నీ
అనుమానం


పాల గది పక్క గది,
సోమవారం

అనుమానం పిల్లా,

చీపురు కింద పెట్టించలేదు. ఊడ్చిన గది ఊడ్చినట్టే ఉంది, నువ్వే లేవు. పెళ్ళై వచ్చినప్పుడు ఆడపడుచుతో జాగ్రత్త అని నాకు అందరూ చెప్పారు. ఆడపడుచు అరగంట దూరంలో కూర్చుని ఉత్తరాలు రాస్తుందని మాత్రం ఎవ్వరూ చెప్పలేదు.

సరే, రూలు రూలే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నీ చేతనే చిన్నప్పుడు కాపీ రాయించాను, ఇప్పుడు అది నాకే తగిలింది. అయినా అడుగుతాను, పశువులంటే భయమో, వదినంటే భయమో నిజం చెప్పు.

ఇక్కడ సంగతులు. మీ అన్నయ్య రోజుకి నాలుగు మాటలు మాట్లాడుతున్నారు, అందులో రెండు ఆవులతో. మా పెద్దావు దొరసాని నిండు చూలు. ఈసారి పొట్ట చూస్తే నాకు భయంగా ఉంది. పశువుల డాక్టరు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మంచం మీద ఉన్నాడు, రెండు నెలలదాకా లేవడు. దేవుడి దయవల్ల ఒక మంచి మనిషి తగిలాడు. సాయంత్రం పూట బస్సు దిగి వచ్చి దాన్ని చూసిపోతున్నాడు. అతనికి నేను మంత్రసాని అని పేరు పెట్టాను. ఎదురుగా అనలేదులే.

ఇంకోటి. నిన్న మధ్యాహ్నం రోడ్డుకి అవతల ఎర్ర గొడుగొకటి చాలాసేపు నిలబడింది. బస్సు కోసమనుకున్నాను. రెండు బస్సులు పోయినా ఎక్కలేదు. విచిత్రమేమిటంటే మా కుక్క మొరగలేదు. పదేళ్ళనుంచీ చూస్తున్న పోస్టుమాన్‌ని చూసి కూడా మొరిగే కుక్క అది. ముసలిదై పోతోందేమో.

వదిన


గెస్ట్ హౌస్,
శుక్రవారం

వదినా,

నువ్వంటే భయమే. ఒప్పుకున్నాను. చాలా?

ఇక్కడ అంతా ఎంత బాగుందంటే నాకు నిద్ర పట్టడం లేదు. గాలి వడపోసే జల్లెళ్ళు చూశాను. తలుపు తీస్తే గాలి లోపలికే పోవాలి కానీ బయటికి రాకూడదు. సన్నటి కాగితం ముక్క తలుపు సందులో పట్టుకుని చూశాను, ప్రతిసారీ లోపలికే వాలింది. కరెంటు పోతే ఏమవుతుందన్నాను. తీసి చూపించారు, తొమ్మిది సెకన్లలో జనరేటరు మొదలైంది. నీళ్ళ పైపు పగిలితే? దానికింద ఒక తొట్టి. ఆ తొట్టి పగిలితే? డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి నావైపు చాలాసేపు చూసి, "మీ ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అని అడిగారు. చెప్పలేదు.

నా దగ్గర పెద్ద పట్టిక ఉంటుంది. ప్రమాదానికి ఎంతో అవకాశముంటే ఎర్ర గడి, కాస్త ఉంటే పసుపు, లేకపోతే పచ్చ. తొంభై ఆరు గడులు. తొంభై ఆరూ పచ్చగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఇలా ఎప్పుడూ రాలేదు. సంతకం పెట్టడానికి ఇంకో పదిరోజులే ఉంది. పెట్టేస్తాననే అనుకుంటున్నాను.

నిజానికి ఈ పచ్చదనంలో సగం స్నానాల మాస్టారిది. నేనింతవరకూ చూసిన మనుషుల్లో అంత జాగ్రత్తపరుడు లేడు. "ముక్కు చీదారా అమ్మా, చెవి వెనకాల?" అని అడిగి అడిగి వదుల్తాడు. రిపోర్టులో ఆయన గురించి ఒక పేరా రాశాను.

దొరసాని ఎలా ఉంది? నీ మంత్రసాని ఎవరు, ఎక్కడివాడు? ఊరికే అడుగుతున్నాను.

అనుమానం


పాల గది పక్క గది,
ఆదివారం పొద్దున్నే

నా బంగారు ఆడపడుచుకి,

దొరసాని ఈనింది! పెయ్యదూడ! రాత్రంతా కొట్టంలోనే ఉన్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

దూడ అడ్డం తిరిగింది. కాళ్ళు వెనక్కి, తల పక్కకి. మీ అన్నయ్య ఆ చివరా ఈ చివరా నడుస్తున్నారు. మంత్రసాని వచ్చాడు. రాగానే ఏం చేశాడో తెలుసా? నన్నూ, మీ అన్నయ్యనీ, పాలు పితికే ఆయన్నీ బకెట్టు ముందు వరసగా నిలబెట్టి, మోచేతులదాకా సబ్బు రాయించి, పదిహేడో ఎక్కం చెప్పించాడు! మీ అన్నయ్య ఈ ఏడాదిలో మాట్లాడిన మాటలన్నీ ఒక ఎత్తు, ఆ ఎక్కమొకటీ ఒక ఎత్తు. ఒక్క తప్పు లేకుండా చెప్పారు. నాకు అప్పుడు వెలిగింది. నీ స్నానాల మాస్టారూ, నా మంత్రసానీ ఒక్కరే! లోకం ఎంత చిన్నదే!

గంటన్నర పట్టింది. చెయ్యి లోపల పెట్టి, కళ్ళు మూసుకుని, దొరసానితో ఏదో గొణుగుతూ దూడని తిప్పాడు. బయట పడ్డాక ఊపిరి లేదు. నోట్లో నోరు పెట్టి ఊదాడమ్మాయీ. అది తుమ్మింది. నేను ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. దూడ పేరు పదిహేడు.

నువ్వు కంగారు పడకు. అతను లోపలి మనిషి కాదు కదా, స్నానాల గది దగ్గర ఉంటాడంతే కదా. నీ సంగతి చెప్పగానే, ఎందుకో "మీ ఆడపడుచుగారికి మాత్రం చెప్పకండమ్మా" అన్నాడు. సరేనని మాటిచ్చాను. కానీ నాకు మాట కడుపులో దాచుకుంటే అన్నం అరగదు. నేను మాట తప్పాను, నువ్వు తప్పకు. ఎవరికీ చెప్పొద్దు.

వదిన


గెస్ట్ హౌస్,
ఆదివారం సాయంత్రం

వదినా,

అన్నయ్యకి నాలుగుసార్లు ఫోను చేశాను. నాలుగుసార్లూ "ఊఁ, దూడ బాగానే ఉంది" అని పెట్టేశాడు. ఇక్కడి కాపలా మనిషిని సైకిలు మీద పంపుతున్నాను. గేటు బయటే నిలబడతాడు, నువ్వు బయటికి వచ్చి తీసుకో.

ఆయన లోపలి మనిషే. పొద్దున్నపూట జబ్బు గొర్రెలకి మేత వేసేది ఆయనే.

జోకులు లేకుండా జవాబు చెప్పు. ఎన్నిరోజులుగా వస్తున్నాడు? డ్యూటీ దిగి నేరుగా వస్తాడా? ఏ ఆవైనా చొంగ కారుస్తోందా, కుంటుతోందా, మేత ముట్టడం లేదా? నాలుక మీద, గిట్టల మధ్య పొక్కులున్నాయేమో ఒక్కొక్కదాన్నీ చూడు. ఒక్క ఆవునీ బయటికి తోలకండి. పాల వ్యాను ఆపెయ్యి. గేటు మూసెయ్యి.

రేపు జవాబు కోసం ఇతన్నే మళ్ళీ పంపుతాను.

ఆడపడుచు


పాల గది పక్క గది,
సోమవారం

మహారాజశ్రీ ఆడపడుచుగారికి,

మీ హుకుం అందింది. గేటు మూశాం. వ్యాను ఆపాం. ఆవులన్నిటి నోళ్ళూ తెరిచి చూశాను, ఒక్క పొక్కు లేదు. నా నోరు కూడా చూడమంటారా?

మంత్రసాని సంగతి. నేనేదో ఆనందంలో రాశాను, మనసులో పెట్టుకోకండి. అది అతను కాదు. లోకంలో పదిహేడో ఎక్కం వచ్చినవాడు ఒక్కడేనా? మీ అన్నయ్యకి రాదూ? నిజానికి దూడని తీసింది మన పశువుల డాక్టరే. అతనే వచ్చాడు. కారులో వచ్చాడు.

దొరసాని బతికింది. మీ తొంభై ఆరు గడులూ దాన్ని బతికించలేదని మాత్రం విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
మీ వదిన


గెస్ట్ హౌస్,
మంగళవారం

వదినా,

కాలు విరిగి రెండు నెలలు మంచం దిగనివాడు కారు తోలుకుంటూ వచ్చి దూడని తీశాడన్నమాట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం నీకు పెళ్ళైనప్పటి నుంచీ రాదు, ఇప్పుడెందుకు మొదలుపెట్టావు?

నీ మీద కోపం లేదు. ఆయన మీదా లేదు. అదే నా కష్టం. పొద్దున కూడా తలుపు అవతల నిలబడి "మొదటినుంచమ్మా" అన్నాడు. మళ్ళీ పదిహేడు ఒకటి దగ్గర్నుంచి అందుకున్నాను.

ఒక్కటి విను. ఆ జబ్బు ఒంటి మీద ఉంటే సబ్బుకి పోతుంది. కానీ గొర్రెల మధ్య నిలబడ్డ మనిషి దాన్ని గాలితోపాటు పీలుస్తాడు. అది ముక్కులో, గొంతులో ఒకటి రెండు రోజులు దాక్కోవచ్చు. ముక్కు చీదినా మొత్తం పోతుందన్న నమ్మకం లేదు. పదిహేడో ఎక్కం వందసార్లు చెప్పినా లోపలికి సబ్బు వెళ్ళదు. ఆయన ఆ ముక్కుతో, ఆ నోటితో నీ దూడకి ఊపిరి పోశాడు. అవకాశం తక్కువే. కానీ తక్కువన్న మాట మీద నీ పద్దెనిమిది ఆవుల్ని పందెం పెట్టలేను.

ఈ సంగతి మనకీ ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. నేను నోరు మూసుకుంటే గడులన్నీ పచ్చగానే ఉంటాయి. ఆయన ఉద్యోగం ఉంటుంది, నీ పాలు అమ్ముడుపోతాయి, డైరెక్టరుగారు నాకు శాలువా కప్పుతారు. మూడు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను. ఎందుకంటే నేనూ ఒకటి దాచాను.

ఆ ఎర్ర గొడుగు నాదే. లోపలికి వెళ్ళొచ్చిన మర్నాడే అది. రోడ్డు అవతలినుంచే కదా, చూసి పోదామనుకున్నాను. నువ్వు మేత వేస్తున్నావు. జుట్టు కాస్త నెరిసింది. రెండు బస్సులు వదిలేశాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ఎవరికీ ఏమీ కాదులే, నేను జాగ్రత్తపరురాలినే కదా అనుకున్నాను. ఆయనా సరిగ్గా అదే అనుకుని ఉంటాడు.

ఎవరికీ చెప్పొద్దన్నావు, ఆ మాట నిలబెట్టలేను. రేపు రిపోర్టులో రాస్తాను, రెండు తప్పులూ. ఇదీ సైకిలు మీదే పంపుతున్నాను. నన్ను తిట్టు, కానీ జవాబు రాయి.

నీ
అనుమానం


పాల గది పక్క గది,
శనివారం

పిచ్చి పిల్లా,

తిట్టను. వ్యాను లేదు, నీ సైకిలు మనిషీ రావడం లేదు కాబట్టి ఇది పోస్టులో వస్తుంది, అందుకే ఆలస్యం. పోస్టుమాన్ గేటు బయటినుంచే తీసుకుంటున్నాడు, కుక్క యథాప్రకారం మొరుగుతోంది.

నీ ఉత్తరం రాగానే, సాయంత్రం బస్సు ఆగే చోట నిలబడ్డాను. అతను దిగాడు. లోపలికి రానివ్వకుండా అక్కడే రాయి మీద కూర్చోబెట్టి నీ ఉత్తరంలో ముక్కు సంగతి చదివి వినిపించాను. ముందు రోషం వచ్చింది. "ఐదు రోజుల రూలు సరిగ్గా తోముకోనివాళ్ళ కోసమమ్మా. నేను బయటికొచ్చేముందు రెండుసార్లు చేస్తాను" అన్నాడు. "మరి ముక్కులోపల తోముకుంటావా నాయనా?" అన్నాను. రాయి మీంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. ఈ ఉద్యోగంలో చేరాలంటే ఇంట్లో పశువులుండకూడదట. నాలుగు ఆవుల్ని అమ్మేసి చేరాడట. ఆరేళ్ళుగా రోజూ మా గేటు ముందు దిగి, దొడ్డిదారిన ఇంటికి పోతూ మా కొట్టం వాసన పీల్చుకుని వెళ్ళేవాడట. ఆ రోజు దొరసాని మూలుగు విని ఆగలేకపోయాడు.

"ఆమె రాసేలోపు నువ్వే వెళ్ళి చెప్పు. ఆమె రాస్తే నేరం, నువ్వు చెబితే పొరపాటు" అన్నాను. ఆ బస్సే తిరిగి వెళ్తుంటే ఎక్కేశాడు.

మర్నాడే మీ ల్యాబునుంచి తెల్లబట్టలవాళ్ళు వచ్చారు. ఆవులన్నిటికీ రక్తం తీశారు. ఇరవై ఒక్క రోజులు గేటు తెరవకూడదు, ఒక్క చుక్క పాలు బయటికి పోకూడదు. పోనీ, పదిహేడు తాగుతుంది. నాకు మాత్రం పొద్దున లేవగానే ముందు వాటి నోళ్ళు చూడ్డం, సాయంత్రం మళ్ళీ చూడ్డం. మీ అన్నయ్య రాత్రంతా కొట్టంలోనే పడుకుంటున్నారు. నాకు భయం వేస్తోంది, నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను.

ఆ గొడుగు నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. కుక్క మొరగని మనుషులు ఈ లోకంలో ముగ్గురే. వచ్చి కూడా నన్ను పిలవకుండా పోయిందే అని రెండు రోజులు మూతి ముడుచుకున్నాను. నీ రిపోర్టులో రాసుకో, కుక్క సాక్ష్యం ఉందని.

వదిన


గెస్ట్ హౌస్,
గురువారం

వదినా,

నేను వెళ్ళేసరికే ఆయన డైరెక్టరుగారి గదిలో నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఏ రోజు ఎన్ని గంటలకి వచ్చాడో ఒక్కటీ మర్చిపోకుండా చెప్తున్నాడు. నాపేరు ఎత్తలేదు. ఆయన అయ్యాక నేను గొడుగు సంగతి చెప్పాను. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి, "కంచే చేను మేసిందన్నమాట" అన్నారు. ఆ మాటకి తల దించుకున్నాను.

సంతకం పెట్టలేదు. తొంభై ఏడో గడి ఒకటి గీశాను, ఎర్రగా. లోపల పనిచేసేవాళ్ళని "మీ ఇంట్లో పశువులున్నాయా" అని అడిగే ఫారం ఉంది. అందరూ లేవని రాశారు, నిజమే రాశారు. "మీ దారిలో ఉన్నాయా? మీ వదినకి ఉన్నాయా?" అని ఎవరూ అడగలేదు. ఆ ఫారం తయారుచేసింది నాలాంటి అనుమానమే, పాపం. గాలికీ నీళ్ళకీ కరెంటుకీ కాపలా పెట్టాం. ఎవరు దేన్ని విడిచి ఉండలేరో కనుక్కోలేదు. ఇంకోటి కూడా రాశాను. చుట్టుపక్కల కొట్టాలకి ల్యాబే ఒక పశువుల డాక్టర్ని పెట్టాలి. మూలుగు విని ఎవరో ఒకరు పరిగెత్తాల్సిందే కదా, ఆ ఒకరు లోపలినుంచి వచ్చినవాళ్ళు కాకూడదు. ఒప్పుకున్నారు. కొత్తాయన వచ్చే వారం చేరతాడు.

నన్ను ఈ పనినుంచి తప్పించారు. సొంత మనుషుల పశువులున్న చోట నేను తూకం వెయ్యకూడదు, పైగా రూలు తప్పాను. ఒక మందలింపు కాగితం ఇచ్చారు. దాచుకుంటాను. కొత్త విభాగానికి తాళం అలాగే ఉంది, ఇంకొకరు వచ్చి మొదటినుంచీ చూస్తారు.

ఆయన ఉద్యోగం పోలేదు, తనే వచ్చి చెప్పాడు కాబట్టి. మూడు నెలలు లోపలికి అడుగు పెట్టకూడదు, బయట కొత్తవాళ్ళకి స్నానం నేర్పాలి. అంటే ఈ మూడు నెలలూ ఎంచక్కా ఆవుల్ని ముట్టుకోవచ్చు. పెద్ద శిక్ష వేశామనుకుంటున్నారు, నేను నోరు మెదపలేదు.

గదిలో కూర్చుని రోజులు లెక్కపెడుతున్నాను. రక్తపరీక్షలు ఏమయ్యాయో వెంటనే రాయి. రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకి కిటికీ దగ్గరే ఉంటున్నాను.

నీ
అనుమానం


పాల గది పక్క గది,
ఇరవై రెండో రోజు

అనుమానం పిల్లా,

లేదు! ఏ ఒక్కదానికీ లేదు! రెండుసార్లు పరీక్ష చేశారు, రెండుసార్లూ లేదు. పద్దెనిమిదీ, పదిహేడుతో కలిపి పంతొమ్మిదీ శుభ్రంగా ఉన్నాయి. పొద్దున మీ అన్నయ్య గేటు తాళం తీసి, "రమ్మను" అన్నారు. ఎవర్నని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పాల వ్యాను వచ్చింది, ఈ ఉత్తరం అందులోనే పంపుతున్నాను. మంత్రసాని కూడా వచ్చాడు, కొత్త డాక్టర్ని వెంటబెట్టుకుని. దొరసాని అతన్ని చూసి చెయ్యి నాకింది. అతను వెనక్కి తిరిగి చాలాసేపు గోడని చూస్తూ నిలబడ్డాడు.

నువ్వు ఆఖరుసారి లోపలికి వెళ్ళి ఎన్ని రోజులైందో వేళ్ళ మీద లెక్కపెట్టుకో. ఐదు దాటితేనే బస్సెక్కు. గొడుగు తెచ్చుకో. రోడ్డు అవతల ఆగితే మాత్రం కాళ్ళు విరగ్గొడతాను.

గేటు దగ్గర బకెట్టూ, సబ్బూ పెట్టాను. ఎక్కం చెప్పందే కొట్టంలోకి రానివ్వను. నువ్వెక్కడ ఆగిపోతావో నాకు తెలుసు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను, దారిలో బట్టీ పట్టుకుంటూ రా. పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు.

గది ఊడ్చే ఉంది.

వదిన